మొరాయించే పాత కెమెరాతో అడవిలో పసికూనల ఫొటోలు: వరంగల్ చుట్టుపక్కల వారికి

నికాన్ డీ90 మార్కెట్లోకి వచ్చింది 2008లో, కెనాన్ 550డీ 2010లో. ఆ కాలపు కెమెరాలు ఇప్పటికీ చాలామంది బీరువాల్లో ఉన్నాయి. కొన్ని చేతులు మారి సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయి. అవి పూర్తిగా పాడవ్వలేదు, అలాగని చెప్పినమాట వినవు. ఒక్కోసారి ఫోకస్ అటూఇటూ తిరిగి ఎక్కడా ఆగదు, ఒక్కోసారి బటన్ నొక్కితే ఉలుకూపలుకూ ఉండదు. అలాంటి కెమెరాతో ఎగిరే గద్దను పట్టాలనుకుంటే తలనొప్పే మిగులుతుంది. పిల్ల జంతువుల సంగతి వేరు. పిల్ల తల్లిని వదిలి దూరం పోదు. తల్లి నిమ్మళంగా ఉన్నంతసేపు అది ఆ నాలుగు గజాల్లోనే పాలు తాగుతుంది, ఆడుకుంటుంది, నిద్రపోతుంది. మనకు పది సెకన్లు కాదు, అరగంట దొరుకుతుంది. నిదానపు కెమెరాకు అంతకన్నా ఏం కావాలి?

కాకపోతే రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి: కెమెరా ఎక్కడ మొండికేస్తుందో, తల్లి ఎక్కడ బెదురుతుందో. మొదటిది ఇంట్లో తేల్చుకోవాలి. అడవిలో తల్లీపిల్లల ముందు కూర్చుని మెనూలు వెతికితే ఆ అరగంట కాస్తా పోతుంది.

ఇంట్లో చేసుకోవాల్సిన పరీక్షలు

మొదట షట్టర్. తెల్ల గోడను వెలుతురులో 1/250 దగ్గర మొదలుపెట్టి 1/500, 1/1000, 1/2000 వేగాల్లో తీయండి. కంప్యూటర్‌లో చూస్తే ఏదో ఒక వేగం దగ్గర ఫొటో పైఅంచో కిందిఅంచో నల్లగా, పట్టీ కట్టినట్టు కనిపించవచ్చు. షట్టర్ తెరలు రెండూ కలిసి కదలడం లేదన్నమాట. డీ90 షట్టర్‌ను లక్ష క్లిక్‌ల వరకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. పాతదాన్ని కొన్నవారికి అందులో ఎన్ని ఖర్చయ్యాయో తెలియదు కాబట్టి ఈ పరీక్ష తప్పదు. 1/2000 దగ్గర పట్టీ వస్తే మీ హద్దు 1/1000. పిల్ల జంతువులకు అది సరిపోతుంది, రిపేరుకు పరుగెత్తాల్సిన పని లేదు.

తర్వాత ఫోకస్. న్యూస్‌పేపర్‌ను టేబుల్ మీద పరిచి, ఏటవాలుగా చూస్తూ మధ్యలోని ఒక హెడ్డింగ్ మీద ఫోకస్ చేసి తీయండి. ఆ లైను కన్నా ముందున్నవో వెనకున్నవో స్పష్టంగా వస్తే ఫోకస్ ముందుకో వెనక్కో తప్పిందని అర్థం. దీన్ని సరిచేసుకునే మెనూ పెద్ద మోడళ్ళలో ఉంటుంది, డీ90, 550డీ లాంటి వాటిలో లేదు. అందుకు దారి లైవ్ వ్యూ, అంటే వెనక తెర మీద బొమ్మ చూస్తూ తీయడం. అందులో కెమెరా నేరుగా సెన్సర్ మీద పడ్డ బొమ్మను చూసి ఫోకస్ చేస్తుంది కాబట్టి ఈ తేడా రాదు. నిదానం ఎక్కువ, నిజమే. పడుకున్న పిల్ల ఎక్కడికీ పోదు కదా.

మూడోది కాంటాక్టులు. లెన్స్ వెనక, బాడీ ముందు ఉండే ఆ చిన్న బంగారు రంగు చుక్కల మీద చెమట, దుమ్ము చేరి పొర కడుతుంది. కెనాన్‌లో ఎర్రర్ 01 వస్తే లెన్స్‌కూ బాడీకీ మాట కలవడం లేదని, దానికి ఎక్కువసార్లు ఈ పొరే కారణం. మొబైల్ రిపేర్ షాపులో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు. ఇయర్‌బడ్‌ను దాంట్లో కొద్దిగా తడిపి, బాడీని కిందికి వంచి పట్టుకుని లెన్స్ కాంటాక్టులను తుడవండి. కొందరు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. ఆ పొడి బాడీలోకి రాలితే సెన్సర్ మీద మచ్చలు కూర్చుంటాయి, అందుకని నాకది నచ్చదు. చేతికి అంటుకునే గ్రిప్ రబ్బరు జిగట కూడా ఇదే ఐపీఏతో చాలావరకు పోతుంది.

బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. కెమెరాలోని దాని అరలోంచి తీసేటప్పుడు పట్టినట్టుగా వస్తుంటే ఆ బ్యాటరీని పక్కన పెట్టేయాలి. ఏదో ఒకరోజు అది లోపలే ఇరుక్కుంటుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా వదిలేసేవాళ్ళకు ఈ తిప్పలు త్వరగా వస్తాయి. మెమరీ కార్డు 16 లేదా 32 జీబీది చాలు. పాత బాడీలు చాలావాటికి 64 జీబీ కార్డు గిట్టదు. కార్డును కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. నికాన్ తెర మీద సీహెచ్ఏ అని మిణుకుమిణుకుమంటే కార్డును చదవలేకపోతోందని అర్థం. బయటికి తీసి మళ్ళీ పెట్టి చూడండి, లేదంటే ఇంకో కార్డు వేయండి. అందుకే జేబులో రెండోది ఉండాలి.

ఇక ఫంగస్. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచిలో పెట్టి బీరువాలో తోసేస్తే దసరా నాటికి అద్దం మీద సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. రంగు మారే రకం కొంటే తేమ పట్టిన సంగతి తెలుస్తుంది. దాన్ని వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు, కానీ వంటింటి మూకుడులో మాత్రం వద్దు. ఫంగస్ లోపలి అద్దాలకు పాకితే సొంతంగా విప్పకండి. హైదరాబాద్ కోఠి వైపు పాత కెమెరాలు బాగుచేసేవాళ్ళను వాకబు చేయండి. రిపేరు ఖర్చు లెన్స్ ధరను దాటితే ఆ డబ్బుతో ఇంకో పాత లెన్స్ కొనుక్కోవడమే మేలు.

అడవికి వెళ్ళే ముందు మేకపిల్లల మీద చేయి సాధన చేయండి. ఊరి చివర మందలో అవి గెంతే తీరు, ఉన్నట్టుండి ఆగి వెనక్కి చూసే తీరు దుప్పి పిల్లలకు చాలా దగ్గరగా ఉంటుంది. మేకలకాపరి ఏమీ అనడు, ఓ రెండు ఫొటోలు ఆయనకు వాట్సాప్ చేస్తే చాలు. హనుమకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూ కూడా ప్రాక్టీసుకు మంచి చోటే.

ఎక్కడ, ఎప్పుడు, ఏ పిల్లలు

వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో నర్సంపేట దాటాక పాఖాల ఉంది. గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, దాని చుట్టూ అభయారణ్యం. ములుగు దాటి తాడ్వాయి వైపు వెళ్తే ఏటూరునాగారం అభయారణ్యం, 1950ల మొదటి నుంచీ ఉన్నది. ఇంకా పైకి పోతే జన్నారం, కవ్వాల్. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. కృష్ణజింకలు కావాలంటే చెన్నూరు వైపు ప్రాణహిత అభయారణ్యం. రామప్ప, లక్నవరం చెరువులు నీటిపక్షుల పిల్లలకు బాగుంటాయి.

ఫిబ్రవరి చివరికల్లా టేకు ఆకు రాలిపోయి అడవి పలచబడుతుంది, చూపు లోపలిదాకా పోతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే చెట్ల కిందికి దుప్పులు తెల్లవారుజామునే వస్తాయి. దుప్పికి ఫలానా కాలమనేం లేదు, పిల్లలు ఏడాది పొడుగునా కనిపిస్తాయి. కొండెంగల పిల్లలను చూడటానికి కూడా ఎండాకాలమే అనువు. వానలు పడ్డాక పొలం గట్ల మీద నెమలి వెంట పిల్లలు, చెరువుల్లో తల్లి బాతు వెనక వరసకట్టిన పిల్లలు. ఒకమాట: మేడారం జాతర జరిగే ఏడాది, జాతరకు కాస్త ముందూ వెనకా తాడ్వాయి దారి పెట్టుకోకండి. బండ్ల హోరుకు జంతువులు లోపలికి వెళ్ళిపోతాయి.

ఎండాకాలంలో అటవీశాఖవాళ్ళు ట్యాంకర్లతో సాసర్ పిట్లు, అంటే జంతువులు తాగడానికి కట్టిన లోతు లేని నీటి తొట్లు, నింపుతారు. అక్కడ కూర్చుంటే జంతువులన్నీ మన ముందుకే వస్తాయని అందరికీ తోస్తుంది. ఆ పని చేయకండి. దాహంతో పిల్లను వెంటబెట్టుకుని వచ్చిన తల్లి మనల్ని చూసి నీళ్ళు తాగకుండా తిరిగిపోతే, 44 డిగ్రీల ఎండలో దానికి ఇంకో చోటు ఉందో లేదో మనకు తెలియదు. నీటికి వచ్చే దారిలో, బాగా ఎడంగా ఆగితే చాలు.

అనుమతి లేకుండా అభయారణ్యం లోపలికి పోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఫొటోల కోసం వెళ్ళినా పర్మిట్ తీసుకోవాలి. పక్షుల, సరీసృపాల గూళ్ళను, గుడ్లను కదిలించినా ఆ చట్టం లెక్కలో వేట కిందికే వస్తుంది. వానాకాలంలో సఫారీలు ఆపేస్తుంటారు, బయలుదేరే ముందు రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.

కెమెరాను ఎలా పెట్టుకోవాలి

70-300 లేదా 55-250 ఎంఎం లెన్స్ ఉంటే చాలు. ఈ కెమెరాల సెన్సర్ చిన్నది కాబట్టి చేత్తో పట్టుకుని 300 దగ్గర తీస్తే 1/500 కన్నా తగ్గొద్దు. పిల్ల గెంతుతుంటే 1/1000. పాలు తాగుతుంటే 1/250 కూడా నడుస్తుంది, లెన్స్‌లో స్టెబిలైజర్ ఉండి, దేనికైనా ఆనించి పట్టుకుంటే. స్టెబిలైజర్ ఆపేది మన చేతి వణుకునే, పిల్ల కదలికను కాదు.

ఐఎస్ఓ, అంటే సెన్సర్ వెలుగుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె. దీన్ని పెంచే విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. పాత సెన్సర్‌లో 1600 దగ్గర గరుకు కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కళ్ళను ఎవరూ బాగుచేయలేరు. అయితే చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచుదామనే అలవాటు కొత్త కెమెరాలకే. పాతవాటిలో అలా చేస్తే నీడల్లో రంగు మరకలు లేస్తాయి. వెలుగు అక్కడే సరిచూసుకోండి.

ఫోకస్‌కు నడిమి పాయింట్ ఒక్కటే వాడండి. ఈ మోడళ్ళలో గట్టిగా పట్టేది అదే. మూలల్లోని పాయింట్లు సాయంత్రం వెలుతురులో తడుముకుంటాయి. కన్ను మీద ఫోకస్ చేసి, చుట్టూ కాస్త జాగా వదిలి తీసి, తర్వాత కత్తిరించుకోండి. వీలైతే ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనకవైపు బటన్‌కు ఇవ్వండి. ఒకసారి ఫోకస్ కుదిరాక కెమెరా మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టదు. అరిగిపోయిన షట్టర్ బటన్ సగం నొక్కులో సతాయిస్తుంటే ఆ బాధా తప్పుతుంది. మరీ మొండికేస్తే వైరు రిమోట్ కొనండి, బటన్‌తో పనే ఉండదు.

బీప్ ఆపండి. ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం ఆపండి. ఫ్లాష్ ఊసే వద్దు. తీసిన ప్రతి ఫొటో తెర మీద కనిపించే సెట్టింగ్ తీసేస్తే బ్యాటరీ మిగులుతుంది, మన చూపు కూడా జంతువు మీదే ఉంటుంది. కెమెరా త్వరగా నిద్రలోకి జారుకోకుండా టైమర్ పెంచండి. లేవడానికి పాత కెమెరా తీసుకునే ఆ క్షణంలోనే పిల్ల ఆవులిస్తుంది!

రా (కుదించని పెద్ద ఫైలు) రకంలో తీస్తే బఫర్, అంటే కెమెరాలోని తాత్కాలిక మెమరీ, కొన్ని ఫ్రేములకే నిండిపోయి, కార్డులోకి ఎక్కేదాకా కెమెరా బిగుసుకుపోతుంది. వేలు తీయకుండా నొక్కడం మానేసి రెండు, మహా అయితే మూడు ఫ్రేములు తీసి ఆపండి.

కారు కిటికీ మీద ఆనించుకోవడానికి ఒక గుడ్డ సంచిలో సగం వరకు జొన్నలు నింపండి. దర్జీ దగ్గర రెండు కుట్లు వేయించండి, చిరిగి గింజలు రాలితే కోతులకు మనమే విందు పెట్టినట్టవుతుంది.

మొదట కొండెంగలు

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది కొండెంగ పిల్లలతో మొదలుపెట్టమనే. మనుషులకు కొంత అలవాటుపడ్డ జంతువు, పగటిపూట తిరుగుతుంది, మంద ఒకే చెట్టు దగ్గర గంటల తరబడి ఉంటుంది. కోతులను తరమడానికి మన ఊళ్ళలో షాపుల ముందు కొండెంగ ఫ్లెక్సీలు కడతారు కదా, ఆ ఫ్లెక్సీల్లో ఎప్పుడూ కోరలు చూపించే మగదే ఉంటుంది. తల్లీపిల్లను ఎవరూ వేయరు.

అప్పుడే పుట్టిన పిల్లకు ఒళ్ళంతా నల్లటి గోధుమ రంగు బొచ్చు, ముఖం చెవులు గులాబి రంగు. పెద్దవి దీనికి తలకిందులు: ఒళ్ళు బూడిదరంగు, ముఖం నలుపు. కొన్ని నెలలు గడిచేసరికి పిల్ల బొచ్చు బూడిదరంగులోకి మారిపోతుంది. ఆ నల్లపిల్ల తల్లి పొట్టకు కరుచుకుని ఉన్నప్పుడు కెమెరా మీటర్ తికమకపడుతుంది. ఫ్రేము నిండా బూడిదరంగు ఒళ్ళు ఉంటే దాన్ని బట్టి వెలుగు లెక్కేసి పిల్లను నల్ల ముద్దగా తీస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచి తగ్గించే ప్లస్-మైనస్ సెట్టింగ్) ప్లస్ వైపు 0.6, 0.7 దాకా పెంచి తీయండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఒకటిన్నర దాకా పెంచినా తప్పులేదు. ఆకాశం తేలిపోతే పోనివ్వండి, కళ్ళు కనిపించాలి.

మంద కనబడగానే దగ్గరికి నడవకండి. దూరంగా, అవి మిమ్మల్ని చూడగలిగే చోట కూర్చోండి. దాక్కుంటే అనుమానం పెరుగుతుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం లేచే చప్పుడు నిశ్శబ్దంలో బాగా వినిపిస్తుంది కాబట్టి మొదటి పది నిమిషాలు వేరేవైపు, ఏ చెట్టుకో పుట్టకో గురిపెట్టి అప్పుడప్పుడు క్లిక్‌మనిపించండి. ముందు తలలన్నీ ఇటు తిరుగుతాయి, తర్వాత సగం తిరుగుతాయి, తర్వాత ఏదీ పట్టించుకోదు. బాడీకి పాత తువ్వాలు చుట్టినా చప్పుడు తగ్గుతుంది.

తర్వాత తల్లిని చూడండి, పిల్లను కాదు. తల్లి చేతులు పిల్లను వదిలేసి ఆకు తెంపుకోవడమో, పక్కదాని తలలో పేలు చూడటమో మొదలుపెట్టిందంటే మీరు లెక్కలో లేరు. కొండెంగల్లో పిల్లను మిగతా ఆడవి కూడా ఎత్తుకుంటాయి. ఒకటి వచ్చి పిల్లను తోకపట్టి లాగుతుంది, తల్లి కాసేపు వదలదు, ఆఖరికి వదులుతుంది. పిల్ల కీచుమంటూ రెండు ఒళ్ళ మధ్య సాగినట్టు అవుతుంది, నోరు తెరిచి, వేళ్ళు విప్పారి. ఫొటో అక్కడ ఉంది. ఈ గుంజులాట మొదలయ్యే సూచన దొరికినప్పుడే ఫోకస్ కుదుర్చుకుని బటన్ మీద వేలు పెట్టుకోవాలి. మొదలయ్యాక ఫోకస్ వెతికితే పాత కెమెరాకు అందదు.

తల్లి పిల్లను గబుక్కున పొట్టకు హత్తుకుని మీవైపే చూస్తుంటే దగ్గరకు వచ్చేశారని. కెమెరా దించి, మెల్లగా వెనక్కి జరగండి. తినుబండారం చూపించి దగ్గరికి రప్పించే పని ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు. రోడ్డు పక్కన తిండికి అలవాటుపడ్డ కోతులు, కొండెంగలు లారీల కింద పడుతున్నాయి.

దుప్పి పిల్లలు

కొండెంగలు ఉన్న చెట్టు కింద దుప్పులు ఉండే అవకాశం ఎక్కువ. పైనుంచి అవి తిని పడేసిన ఆకులు, కాయలు కింద వీటికి మేత. అందుకే కొండెంగలతో మొదలుపెట్టినవారికి దుప్పులు వాటంతటవే దొరుకుతాయి.

పుట్టిన మొదటి రోజుల్లో దుప్పి పిల్ల తల్లి వెంట తిరగదు. గడ్డిలో, తునికి పొదల కింద కదలకుండా పడుకుంటుంది. తల్లి మేతకు పోయి పాలివ్వడానికి వస్తుంది. ఇలా ఒంటరిగా కనబడ్డ పిల్లను చూసి తప్పిపోయిందనుకుని ఇంటికి తెచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది తప్పిపోలేదు, తల్లి దగ్గర్లోనే ఉంది, మనం పోతే వస్తుంది. అలాంటి పిల్ల కనబడితే ఆగకుండా, ముట్టుకోకుండా వచ్చిన దారిన వెళ్ళిపోండి. ఒక్క ఫొటో అని కూడా ఆగొద్దని నా మాట. ఊరకుక్క మీ వెంట వస్తుంటే అసలు ఆ వైపే పోకండి.

ఫొటోకు తగినది కాస్త పెరిగి, మందతో తిరిగే పిల్ల. వాహనంలోనే ఉండి, ఇంజను ఆపి చూడండి. తల్లి ముందుకాలితో నేలను తన్నుతోందా, తోక పైకి లేచి తెల్లగా కనిపిస్తోందా, చెవులు రెండూ మీవైపే ఉన్నాయా? అప్పుడు తీయకండి. తల వంచి మళ్ళీ మేత మొదలుపెట్టేదాకా ఆగండి. చెట్ల నీడలో ఎండ చుక్కలు చుక్కలుగా పడేచోట పిల్ల ఒంటి మీది తెల్లమచ్చలు, ఎండ మచ్చలు కలిసిపోయి ఫోకస్ మధ్యలోని గడ్డి మీదికి పోతుంది. మాన్యువల్‌లోకి మార్చి చేత్తో తిప్పడమే మేలు. పొద్దున తొమ్మిది దాటాక ఎండాకాలంలో నేల నుంచి లేచే వేడిగాలికి దూరపు బొమ్మ నీళ్ళలో చూసినట్టు అలలుగా వస్తుంది. అది కెమెరా తప్పు కాదు, ఏ కెమెరాకైనా అంతే. ఇంటికి బయలుదేరండి.

దూరంగా ఉండాల్సినవి

ఎలుగుబంటి పిల్లలను వీపు మీద మోసుకుని తిరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. కాలినడకన ఉన్నప్పుడు కనబడితే ఫొటో ఆలోచనే రాకూడదు. చారల పిల్లలతో వెళ్తున్న అడవి పంది కూడా అంతే, వాహనంలోంచైతేనే తీయండి. పులి కూనల కోసం కాగజ్‌నగర్ అడవుల్లో తిరుగుదామనుకునేవారికి నా సలహా ఒక్కటే, మానుకోండి.

చెరువు గట్టున తీతువు పిట్ట నెత్తి మీద ఎగురుతూ అరుస్తుంటే కాళ్ళ కింద ఎక్కడో గుడ్లో పిల్లలో ఉన్నాయని. పిల్లలు తల్లి అరుపు వినగానే కదలకుండా నేలకు అతుక్కుంటాయి, రాళ్ళలో కలిసిపోతాయి. ఎండలో తల్లి పొట్ట ఈకలు తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మీరు అక్కడ నిలబడ్డంతసేపు ఆ పని ఆగిపోతుంది. అడుగులు చూసుకుంటూ బయటపడి, గట్టుకు ఇవతల నుంచి లెన్స్ అందితే తీయండి.

అక్కడికక్కడే మొరాయిస్తే

ఒక వరస పెట్టుకోండి: ఆఫ్ చేసి ఆన్ చేయడం, బ్యాటరీ తీసి పెట్టడం, లెన్స్‌ను ఊడదీయకుండా కాస్త తిప్పి మళ్ళీ బిగించడం, కార్డు మార్చడం. నికాన్‌లో పాత డీ రకం లెన్స్ వేసి ఎఫ్ఈఈ అని వస్తే లెన్స్ మీది అపర్చర్ రింగును అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర పెట్టి లాక్ చేయడమే. వీటికి లొంగకపోతే కెమెరాను సంచిలో పెట్టేసి ఊరికే చూడండి. దుమ్ములో లెన్స్ ఊడదీయడం వద్దు. వానాకాలంలో ఏసీ కారులోంచి తీసిన వెంటనే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. దిగడానికి ఓ పావుగంట ముందే ఏసీ ఆపేస్తే ఆ బెడద ఉండదు.

ఇంటికి వచ్చాక

అదేరోజు ఫొటోలను రెండు చోట్ల కాపీ చేయండి, పాత కార్డులను నమ్మలేం. కళ్ళు స్పష్టంగా లేనివి తీసేయండి, ఎంత ముద్దొచ్చినా. గరుకు తగ్గించేటప్పుడు బొచ్చు మైనంలా నునుపెక్కకుండా చూసుకోండి. బ్యాటరీ తీసినప్పుడల్లా తేదీ మొదటికి పోయే కెమెరాలుంటాయి, లోపలి గడియారపు బ్యాటరీ పోయిందని అర్థం. బయలుదేరే ముందు తేదీ సరిచేసుకోకపోతే ఏ పిల్ల ఏ నెలలో కనబడిందో తర్వాత తేల్చుకోలేరు.

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టేటప్పుడు జిల్లా పేరు రాస్తే చాలు. ఫలానా కుంట, ఫలానా మలుపు అని రాస్తే ఆదివారానికల్లా అక్కడ పది బండ్లు ఆగుతాయి. ఫోన్‌తో తీసినవాటిలో లొకేషన్ దానంతటదే ఎక్కుతుంది, పంపే ముందు తీసేయండి.